మామగారు పెట్టిన సూటు బట్ట, మే నెల రిసెప్షన్: కుట్టించాలా, రెడీమేడ్ కొనాలా?

కొల్లేటి_కొంగ | మార్చి 14, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణి. ఇవాళ అవసరం పడి రాస్తున్నా.

మే రెండో వారంలో నా పెళ్లి, ఏలూరులో. ముహూర్తానికి ఎలాగూ పంచె. గొడవంతా మర్నాడు సాయంత్రం రిసెప్షన్‌తోనే. ఓపెన్ లాన్. పెళ్లికొడుకు సూటే వేసుకోవాలని రెండిళ్లవాళ్లూ తీర్మానం చేసేశారు, నన్నెవరూ అడగలేదు. నిశ్చితార్థం రోజు మామగారు తాంబూలంతో పాటు సూటు బట్ట పెట్టారు. నేవీ బ్లూ, పెట్టెలో 3 మీటర్లు. అంచు మీద బంగారు రంగు అక్షరాల్లో సూపర్ 150 అని ఉంది. ఆయన దాన్ని వేలితో రెండుసార్లు చూపించి మరీ ఇచ్చారు.

నేను జీవితంలో కోటు వేసుకున్నది ఒక్కసారే. క్యాంపస్ ఇంటర్వ్యూకి, అదీ రూమ్మేట్‌ది. చేతులు వేళ్ల దాకా వచ్చాయి. కరచాలనం చేస్తే అవతలివాళ్లకి గుడ్డే తగిలింది.

ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 76. పొట్ట మొదలైంది. లాప్‌టాప్ బ్యాగు పుణ్యమో ఏమో కుడి భుజం కాస్త కిందకి ఉంటుంది. ఈ బట్ట మంచిదేనా? ఆ ఎండలో నేను ఉడికిపోతానా? ఏలూరులోనే కుట్టించనా, హైదరాబాద్‌లో రెడీమేడ్ కొనేసుకోనా? ఎనిమిది వారాల టైముంది.

బెజవాడ_బాబాయి | మార్చి 14, రాత్రి 11:15

మే నెల, ఏలూరు, ఓపెన్ లాన్, సూటు! నాయనా, నీ ధైర్యానికి దండం.

మా అన్నయ్యగారబ్బాయికి రిసెప్షన్‌లో వెల్వెట్ కోటు వేయించారు. ఏసీ హాలే. కానీ వెయ్యిమంది జనం చొరబడ్డాక ఏసీ ఏం చేస్తుంది? ఆల్బమ్‌లో చూసినవాళ్లంతా పెళ్లికొడుకు ఏడుస్తున్నాడేమిటి అని అడిగారు. చెమటమ్మా, చెమట. పంచె మీదే కండువా వేసుకుని నించో. ఎన్టీఆర్ జిల్లా నుంచి మనవి.

దారం_పోగు | మార్చి 15, ఉదయం 7:05

కొంగ గారూ, ముందు ఆ అంచు మీది అంకె సంగతి చూద్దాం. స్పిన్నింగ్ మిల్లులో పదిహేనేళ్లు పని చేశాను కాబట్టి నా గోల ఇదే.

సూపర్ 100, 120, 150 అనేవి ఉన్ని పోగు ఎంత సన్నమో చెప్పే అంకెలు. అంతర్జాతీయ ఉన్ని సంస్థ ఐడబ్ల్యుటీఓ లెక్క ప్రకారం సూపర్ 100కి పోగు మందం 18.75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటకూడదు, 120కి 17.75, 150కి 16.25. ఆ అంకె చెప్పేది అంతే. బట్ట బరువెంత, నేత ఏమిటి, ఎన్నాళ్లు ఆగుతుంది అన్నవి అందులో లేవు. పైగా పోగు సన్నబడేకొద్దీ బట్ట మెత్తగా ఉంటుంది కానీ తొందరగా నలుగుతుంది, మోచేతుల దగ్గర తొందరగా అరుగుతుంది. రోజూ ఆఫీసుకి వేసుకునేవాడికి సూపర్ 100, 110 చాలు. అంకె పెద్దదైతే బట్ట గొప్పదని షాపులవాళ్లు జనానికి అలవాటు చేసేశారు.

ఇంకో సంగతి. పాలిస్టర్ కలిసిన బట్ట మీద సూపర్ అన్న మాట వేయకూడదు. మన బజార్లలో ఆ నియమాన్ని ఎవరూ లెక్క చేయరు. అంచు మీద నేసిందల్లా నిజమైతే ఈపాటికి మన దేశంలో గొర్రెలు మనుషుల కంటే ఎక్కువ ఉండాలి.

కాబట్టి అంచు చదవడం మానేసి బట్టనే అడగండి. ఇంట్లో వంటింటి కాటా ఉంటే మడత విప్పకుండా తూచండి. పన్నా, అంటే బట్ట వెడల్పు, 58 అంగుళాలంటే 1.47 మీటర్లు, 3 మీటర్ల పొడవుకి సుమారు 4.4 చదరపు మీటర్లు. వచ్చిన గ్రాములని 4.4తో భాగిస్తే జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో వస్తుంది. మన వాతావరణానికి 220 నుంచి 260 మధ్య బాగుంటుంది. 300 దాటిందంటే పెళ్లి ఊటీకి మార్చుకోవాలి.

తర్వాత మూల నుంచి నిలువు పోగు ఒకటి, అడ్డపోగు ఒకటి లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చండి. వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపితే పొడైపోతే ఉన్ని. కరిగి చివర గట్టి పూసలా కడితే పాలిస్టర్. చివరగా బట్టని నోటికి ఆనించి ఊదండి. గాలి అవతలికి పోతోందా లేదా చూడండి. మూడూ చేసి చెప్పండి.

కొల్లేటి_కొంగ | మార్చి 15, మధ్యాహ్నం 1:30

చేశాను. 1,080 గ్రాములు. అంటే 245.

పోగులు రెండూ కాల్చాను. వంటింట్లో ఏం తగలబెడుతున్నావురా అని అమ్మ పరిగెత్తుకొచ్చింది. కంపు వెంట్రుకదే, గ్యారంటీ. కానీ చివర చిన్న నల్లపూస కూడా కట్టింది, గోటితో నొక్కితే పొడి కాలేదు. ఊదితే గాలి పోతోంది, కాస్త గట్టిగా ఊదాలి.

అంటే మామగారిని షాపువాడు ముంచేశాడా? ఆయన మూడు షాపులు తిరిగి కొన్నారట.

పద్మజ_కాకినాడ | మార్చి 15, మధ్యాహ్నం 2:10

ఆ పూస సంగతి మీ ఇంట్లోనే ఉండనివ్వండి తమ్ముడూ. పెళ్లికి ముందు అటు ఇంట్లో ఒక్కరికి తెలిసినా సాయంత్రానికి మామగారి చెవిన పడుతుంది. మూడు షాపులు తిరిగి, అల్లుడికని, ఉన్నంతలో పెద్ద అంకె చూసి తెచ్చాడాయన.

రంగు మాత్రం మంచిది పెట్టారు. మావారి రిసెప్షన్ సూటు నలుపు. స్టేజీ లైట్లలో లాపెల్ (కోటు ముందు మడత) ఏదో, జేబు ఏదో తెలియకుండా మనిషి మొత్తం ఒక నల్లటి ముద్దలా పడ్డాడు. నేవీ అయితే ఆ బాధ లేదు, ఏ రంగు పట్టుచీర పక్కనైనా ఒదుగుతుంది. ఒకసారి పగటి వెలుతురులో బయటికి తీసుకెళ్లి చూడండి, మరీ మెరుస్తోందా అని. ట్యూబ్‌లైటు కింద తెలియదు. మెరిసే బట్ట మీద ఫ్లాష్ పడితే మడతలన్నీ తెల్లగా కనిపిస్తాయి.

డల్లాస్_శీను | మార్చి 15, రాత్రి 9:50

బ్రో, సెంటిమెంట్ వదిలెయ్. ఆ బట్ట నీ తమ్ముడికి ఇచ్చెయ్. నేను ఇక్కడ వారానికి మూడు రోజులు సూటు వేసుకునే ఉద్యోగం చేస్తున్నా, డల్లాస్ ఎండలు కూడా తక్కువేం కాదు. ఎండకి కావలసింది హై ట్విస్ట్ ఉన్ని. నూలుని గట్టిగా పురి పెట్టి, సాదా నేతలో వదులుగా నేస్తారు. ఇంగ్లండ్‌లో ఫ్రెస్కో అని ఒక పాత బట్ట ఉంది, ఆ రకం. లైటుకి ఎదురుగా పట్టుకుంటే జల్లెడలా వెలుతురు కనిపిస్తుంది. నలిపి వదిలినా తిరిగి సాపు అయిపోతుంది. 

రెండోది, కోటు లోపల ఫుల్ కాన్వాస్ ఉండాలి, అంటే ముందు భాగమంతా ఆకారం నిలిపే గట్టి గుడ్డని కుట్టి పెట్టాలి. ఫ్యూజింగ్ అంటే జిగురుతో అంటించిన గుడ్డ. రెండు డ్రైక్లీనింగ్‌లకి ఛాతీ మీద బుడగలు వస్తాయి. అది సూటు కాదు, అట్టపెట్టె. మూడోది, త్రీ పీస్ చేయించుకో, వెయిస్ట్‌కోటు పొట్టని దాచేస్తుంది.

కత్తెర_మాస్టరు | మార్చి 16, ఉదయం 6:20

సికింద్రాబాద్‌లో 41 ఏళ్లు కోట్లు కత్తిరించాను. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూస్తున్నాడు, నాకు పొద్దున్నే ఫోనే పని. కొంగ బాబూ, నా మాట కాస్త ఓపిగ్గా చదువు.

నీ దగ్గరున్నది టెర్రీ ఊల్. పాలిస్టర్, ఉన్ని కలిపి నేసింది. ఒకప్పుడు ఈ ఊళ్లో గెజిటెడ్ ఆఫీసర్లందరూ వేసుకున్నది అదే, ఎవరికీ నామోషీ అనిపించలేదు. ఇస్త్రీ గీత నిలుస్తుంది, కూర్చుని లేస్తే నలగదు. స్టేజీ మీద రెండు మూడు గంటలు, వచ్చిన ప్రతి ఒక్కరితో ఫొటోకి లేచి కూర్చునేవాడికి అది చిన్న లాభం కాదు. లినెన్ చల్లగా ఉంటుంది, నిజమే. తొమ్మిదింటికల్లా మోకాళ్ల వెనక, నడుం దగ్గర నలిగిన కాగితమే. నీ టెర్రీ ఊల్‌కి వేడి కాస్త ఎక్కువ, దాన్ని కుట్టులో సర్దుకోవచ్చు.

ఎలాగంటావా. కోటు వీపుకి పూర్తి అస్తరు వేయొద్దని చెప్పు. పై భాగంలో భుజాల కింద దాకా వేసి, కింద వీపు వదిలేయమను. అస్తరు పాలిస్టర్ వద్దు, విస్కోస్ (రేయాన్) అడుగు. కప్రో అని రేయాన్‌లోనే ఇంకో రకం, అది దొరికితే ఇంకా మంచిది. సగం ఉక్క ఆ జారుడు పాలిస్టర్ అస్తరు వల్లే, బట్ట వల్ల కాదు. లోపల నూలు చొక్కా, దాని కింద బనీను. బనీను మానేస్తే చల్లగా ఉంటుందనుకోవద్దు, చెమట నేరుగా కోటుకే పడుతుంది.

త్రీ పీస్ మాట మరిచిపో. మేలో పొట్ట మీద ఇంకో మూడు పొరలా? పైగా నీ 3 మీటర్లలో వెయిస్ట్‌కోటు రాదు. దానికి ఇంకో ముప్పావు మీటరు కావాలి. లాగి పీకి కుట్టారనుకో, లోపల ఎక్కడా బట్ట వదలరు.

ఫ్యూజింగ్ సంగతి. డల్లాస్ బాబు చెప్పింది అబద్ధం కాదు. కానీ గుర్రపు వెంట్రుకలు కలిసిన కాన్వాస్‌ని చేత్తో వేలాది చిన్న కుట్లు వేసి ఛాతీకి పట్టించే పనివాళ్లు ఇప్పుడు ఎందరున్నారు? మా షాపులోనే ఒక్క ముసలాయన మిగిలాడు. బుడగలు వచ్చేది మామూలు ఇస్త్రీపెట్టెతో అంటించిన చోట. సరైన వేడి, ఒత్తిడి ఇచ్చే ప్రెస్ మిషన్ మీద అంటించింది ఏళ్ల తరబడి ఉంటుంది. నీకు హాఫ్ కాన్వాస్ కుట్టేవాడు దొరికితే అదృష్టం. ఛాతీ, లాపెల్ వరకు కాన్వాస్, కింద ఫ్యూజింగ్. దొరక్కపోతే ప్రెస్ మిషన్ ఉన్నవాడా కాదా కనుక్కో. అంతకు మించి టెన్షన్ పడొద్దు.

అసలు సంగతి వేరే. పదివేల బట్టని పాడు చేసేది భుజం, వెయ్యి రూపాయల బట్టని నిలబెట్టేదీ భుజమే. నువ్వు టైలర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు కాదు, టాకాల మీద, అంటే తర్వాత విప్పేసే పొడుగు కుట్ల మీద, ట్రయల్ ఇస్తారా అని. ఇవ్వం, డైరెక్టుగా ఫినిష్ చేసి ఇస్తాం అంటే నమస్కారం పెట్టి బయటికి రా.

దారం_పోగు | మార్చి 16, ఉదయం 8:00

మాస్టారికి వందనం. శీను గారు చెప్పిన హై ట్విస్ట్ నిజంగా మంచి బట్ట, బడ్జెట్ ఉంటే రెండో సూటుకి గుర్తుపెట్టుకోండి. ఉన్ని తన బరువులో 16 శాతం దాకా గాలిలోని తేమని మామూలుగానే పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్‌కి ఆ లెక్క 0.4 శాతం. అందుకే పాలిస్టర్ చొక్కాలో చెమట ఒంటి మీదే జారుతుంది. టెర్రీ ఊల్ అంటే పాత లెక్కన 55 పాళ్లు పాలిస్టర్, 45 పాళ్లు ఉన్ని. మీది ఏ పాళ్లలో ఉందో అగ్గిపుల్ల చెప్పలేదు. కానీ 245 బరువు, గాలి ఆడే నేత. ఈ రెండూ మీ పక్షాన ఉన్నాయి.

కత్తిరించే ముందు బట్టకి ఆవిరి పట్టించమని మాత్రం చెప్పండి. లేకపోతే కుంచించుకునేదేదో కోటు అయ్యాక కుంచించుకుంటుంది.

టెస్టింగ్_రవి | మార్చి 16, మధ్యాహ్నం 12:45

కుట్టించే ఓపిక లేక ఆన్‌లైన్‌లో కొలతలిచ్చే సైట్లు చూస్తుంటావు కదా కొంగా, అందుకే నా కథ. పేరు చెప్పను, ఒక సైట్‌లో ఆర్డర్ పెట్టా. టేపుతో నన్ను నేనే కొలుచుకోవాలి. వీడియో చూస్తూ ఛాతీ, నడుము, చేతి పొడవు అన్నీ రాశా. ఛాతీ కొలిచేటప్పుడు మగాడినన్న పట్టుదలతో ఊపిరి బిగపట్టా. టేపు చూడాలని మెడ వంచా. కోటు వచ్చింది. ఛాతీ దగ్గర ఇంకొకడు దూరొచ్చు, మెడ వెనక కాలరుకీ చొక్కాకీ మధ్య బొటనవేలు పడుతుంది. వాపసు ఇవ్వబోతే మీ కొలతలే కదండీ అన్నారు. నిజమే, నావే.

టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ ఒక్క ట్రయల్ లేకుండా ప్రొడక్షన్‌కి పంపింది నేనే అని మా టీం ఇప్పటికీ నవ్వుతుంది.

రెడీమేడ్ మీద నాకు కోపం లేదు. కానీ సూటు జతగా అమ్ముతారు చూడు, 40 కోటుకి 34 ప్యాంటు అని. ఆ ఆరు అంగుళాల తేడా పొట్ట లేనివాడి లెక్క. నాకూ నీకూ కోటు సరిపోతే ప్యాంటు పట్టదు, ప్యాంటు సరిపోతే కోటు గోనెసంచి. కోటు, ప్యాంటు విడివిడి సైజుల్లో ఇచ్చే చోటైతేనే చూడు.

కత్తెర_మాస్టరు | మార్చి 16, సాయంత్రం 5:30

రవి బాబు బాగా చెప్పాడు. కొలతలకి వెళ్లేటప్పుడు ఆ రోజు వేసుకోబోయే చొక్కా, ఆ బూట్లే వేసుకుని వెళ్లు. జేబుల్లో ఫోను, పర్సు తీసెయ్. ఊపిరి బిగపట్టొద్దు, పొట్ట లోపలికి లాగొద్దు. పెళ్లి లోపల తగ్గిస్తాను మాస్టారూ అని ప్రతి పెళ్లికొడుకూ చెబుతాడు. విందు భోజనాలు తిని పెరిగినవాళ్లనే చూశాను.

పొట్ట ఉన్నవాడికి కోటు ముందు భాగం కాస్త పొడుగివ్వాలి. లేకపోతే బొత్తాం పెట్టగానే ముందు అంచు పైకి లేచి, వెనక కిందకి వేలాడుతుంది. మీ టైలర్ నీ పక్కకి వచ్చి నిలబడి చూశాడా లేదా గమనించు. ముందు నుంచి టేపు వేసి పంపేసేవాడు చొక్కాల టైలర్.

కొల్లేటి_కొంగ | ఏప్రిల్ 9, రాత్రి 8:15

అప్‌డేట్. ఏలూరు పవర్‌పేటలో ఒక పెద్దాయన దొరికారు. ట్రయల్ ఇస్తారా అని అడగ్గానే కళ్లజోడు పైకి తోసి నన్ను కొత్తగా చూశారు. ఈ మధ్య ఎవరూ అడగట్లేదు బాబూ అన్నారు. హాఫ్ కాన్వాస్ కుడతానన్నారు. వీపు సగం అస్తరు అంటే ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. సికింద్రాబాద్‌లో మాస్టారు చెప్పారన్నాను.

ఇవాళ మొదటి ట్రయల్. తెల్లదారం టాకాల మీద కోటు, కాలరు లేదు, ఒక్క చెయ్యే తగిలించారు. అద్దంలో చూసుకుంటే యుద్ధం నుంచి వచ్చినవాడిలా ఉన్నా. ఆయన ముక్క సుద్దతో నా చుట్టూ తిరిగి గీతలు పెట్టారు. ఫొటోలు తీయించుకున్నా, ఇక్కడ పెట్టడం రావట్లేదు, మాటల్లో చెబుతా.

ఒకటి, కుడి చంక కింద నుంచి నడుం వైపు ఏటవాలుగా మడతలు, ఎడమ వైపు లేవు. రెండు, మెడ కింద వీపు మీద అడ్డంగా ఒక బొద్దు మడత, వేలు పెడితే ఎత్తుగా తగులుతోంది. మూడు, బొత్తాం దగ్గర సూదితో కలిపితే ఇంటూ గుర్తులా రెండు గీతలు లాగుతున్నాయి. నాలుగు, చెయ్యి కిందకి వదిలేసి నిలబడితే కోటు చెయ్యి వెనక భాగంలో ముడతలు.

ఆయన అన్నీ రాసుకున్నారు. కానీ మూడోది, స్లిమ్ ఫిట్ కదా అలాగే ఉంటుంది అన్నది పక్కన కూర్చున్న మా బావమరిది. నిజమేనా?

కత్తెర_మాస్టరు | ఏప్రిల్ 10, ఉదయం 6:05

బావమరిదిని ఇంట్లో వదిలేసి వెళ్లు. ఇంటూ గుర్తు పడిందంటే నడుం దగ్గర బిగుతు. బొత్తాం పెట్టాక నీ పిడికిలి లోపల పట్టాలి, అంతకన్నా వదులు వద్దు, తక్కువా వద్దు. పక్క కుట్లలో అర అంగుళం వదలమను. రెండు బొత్తాల కోటులో పై బొత్తాం బొడ్డుకి కాస్త పైన పడాలి. కింది బొత్తాం ఎప్పుడూ పెట్టకూడదు, కోటు కోతే అలా ఉంటుంది.

కుడి చంక మడతలు నీ దిగిన భుజం వల్ల. రెండు దారులు. ఆ వైపు ప్యాడ్‌లో ఇంకో పొర వేయడం, లేదా భుజం కుట్టునే దించడం. పెళ్లి కోటు కాబట్టి ప్యాడ్ వేయమను, ఫొటోలో రెండు భుజాలూ సమానంగా కనిపిస్తాయి. వీపు మీద బొద్దు మడత అంటే వెనక బట్ట ఎక్కువైంది, నువ్వు బాగా నిటారుగా నిలబడే మనిషివన్నమాట. కాలరు కూర్చోబెట్టే ముందే మెడ దగ్గర వెనక భాగాన్ని కాస్త దించేస్తే పోతుంది. కాలరు అయ్యాక చెబితే విప్పి కుట్టాలి, ఎవడికీ ఇష్టం ఉండదు. అందుకే ట్రయల్ కాలరు లేకుండా ఇచ్చారు. మీ టైలర్ పని తెలిసిన మనిషి.

చేతి వెనక ముడతలకి కోటు చేతిని ముందు వైపుకి తిప్పి కుట్టాలి. చేతులు కాస్త ముందుకి వేలాడే మనిషికి అంతే. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లందరిదీ ఇదే కేసు.

చేతి పొడవు చివర్లో చూసుకో. చొక్కా కఫ్ పావు నుంచి అర అంగుళం బయటికి కనిపించాలి. చేతి దగ్గర బొత్తాలకి నిజం కాజాలు పెట్టించొద్దు, ఒకసారి కోస్తే పొడవు మార్చడానికి ఉండదు. భుజం ఒక్కటే తర్వాత బాగుచేయలేనిది. నడుము, చేతులు, ప్యాంటు పొడవు ఎప్పుడైనా చేసుకోవచ్చు. ప్యాంటు వెనక మధ్య కుట్టులో ఒకటిన్నర అంగుళం బట్ట లోపల వదలమను. ఎందుకో అయిదేళ్ల తర్వాత తెలుస్తుంది.

డల్లాస్_శీను | ఏప్రిల్ 10, రాత్రి 10:30

మాస్టారూ, ఆ నిటారు మనిషి పాయింట్ నాకు ఇప్పుడు వెలిగింది. నా సూట్లన్నిటికీ మెడ కింద ఆ మడత ఉంది. నాలుగు సూట్లు. అన్నీ ఫుల్ కాన్వాసే.

బెజవాడ_బాబాయి | ఏప్రిల్ 10, రాత్రి 10:52

శీనూ, ఇంత ఎండలోనూ నీ మెసేజ్ చల్లగా ఉంది.

పద్మజ_కాకినాడ | ఏప్రిల్ 28, ఉదయం 11:20

తమ్ముడూ, డెలివరీ తీసుకునే రోజు ఇది చూసుకోండి. కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా దారం వేసి ఉంటే కత్తిరించేయాలి, అది తీయడానికే వేస్తారు. మావారు దాంతోనే స్టేజీ ఎక్కారు, నా పెళ్లి ఆల్బమ్‌లో ఒక పేజీ నిండా ఆ తెల్ల ఇంటూ గుర్తే. చేతి మీద కంపెనీ పట్టీ ఉంటే అదీ తీసేయాలి. 

ఇంటి దగ్గర ఇస్త్రీ అతనికి వేయొద్దు. ముదురు రంగు బట్ట మీద నేరుగా పెట్టె తగిలితే మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు. తడిగుడ్డ వేసి పైనుంచి చేయాలి. సన్నటి తీగ హ్యాంగరుకి తగిలించకండి, భుజాలు పొడుచుకొస్తాయి. పెళ్లయ్యాక గాలికి ఆరనిచ్చి, గుడ్డ సంచిలో వేసి, కలరా ఉండలు బట్టకి తగలకుండా పెట్టండి. ఉన్ని ఉందంటే పురుగు ఇట్టే పసిగట్టేస్తుంది.

కొల్లేటి_కొంగ | మే 19, రాత్రి 9:40

పెళ్లయింది! ఆలస్యంగా రాస్తున్నా, గుళ్లూ, చుట్టాలూ అయ్యేసరికి ఇవాళయింది.

రెండో ట్రయల్‌లో మూడు మడతలు పోయాయి, కుడి చంక దగ్గర ఒక్కటి మిగిలితే ఆయనే ఇంకో పొర దూది పెట్టారు. రిసెప్షన్ రోజు ఏడు గంటలకి కూడా లాన్‌లో వేడి గాలే. చెమట పట్టలేదని చెప్పను, చొక్కా తడిసింది. కానీ వీపు కింద గాలి ఆడుతున్నట్టు తెలుస్తూనే ఉంది, కోటు మీదికి చెమట రాలేదు. మాస్టారు చెప్పిన బనీనుకి ఒక నమస్కారం. స్టేజీ ఎక్కేదాకా కోటు వేసుకోకుండా మా తమ్ముడు చేతి మీద మోశాడు. గ్రూపు ఫొటోలు అయ్యాక కూడా ప్యాంటు గీత అలాగే ఉంది. పక్కన మా బావమరిది సిల్క్ బ్లేజర్ వేసుకుని ఐస్‌క్రీమ్ స్టాల్ దగ్గర ఫ్యాను కింద దొరికాడు.

అసలు ముచ్చట ఇది. ఫొటోకి వచ్చినప్పుడు మామగారు నా చెయ్యి పట్టుకుని, కోటు చేతి బట్టని రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశారు. పక్కన వాళ్ల తోడల్లుడు ఉన్నారు. ఆయనకి వినపడేలా, "సూపర్ 150. చూశావా, చెక్కు చెదరలేదు" అన్నారు.

నేను, "అవును మామయ్యగారూ, టైలర్ కూడా అదే అన్నాడు" అన్నాను.

దారం_పోగు | మే 19, రాత్రి 9:58

శుభాకాంక్షలు. ఆ కాల్చిన పోగు ముక్కలు పారేశారా?

కొల్లేటి_కొంగ | మే 19, రాత్రి 10:03

అమ్మ ఆ రోజే ఊడ్చేసింది.